మబ్బు పట్టిన మణికట్టు

ఆ ఇంట్లో వాన కబురు మొదట అందేది అత్తగారి మోకాళ్ళకి. ఆకాశం ఇంకా తుడిచిన అద్దంలా ఉండగానే ఆవిడ వంటింట్లో స్టూలు మీద కూలబడేది. రెండు అరచేతులతో మోకాలిచిప్పలు పట్టుకుని, “సాయంత్రానికి కురుస్తుంది, గొడుగు తీసుకెళ్ళరా” అని కొడుక్కి చెప్పేది. బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసే ఆ కొడుకు బూట్లు తొడుక్కుంటూ నవ్వేవాడు. “మా ఇంట్లో ఓ వాతావరణ కేంద్రం ఉంది, జీతం అడగదు, సెలవు పెట్టదు” అని డిపోలో చెప్పి నలుగురినీ నవ్వించేవాడు కూడా. చాలాసార్లు వాన వచ్చేది. రానప్పుడు, “ఊరవతల కురిసే ఉంటుందిలే” అని ఆవిడ తనే సర్దిచెప్పుకునేది.

కోడలు ఆ మాటలకి నవ్వేదీ కాదు, నమ్మేదీ కాదు. వయసు మీద పడ్డవాళ్ళకి కీళ్ళు నొప్పి పెడతాయి, కాలం వస్తే మబ్బులు పడతాయి, రెంటికీ ముడిపెట్టడం పెద్దవాళ్ళకి అలవాటు అనుకునేది. వేడినీళ్ళ సీసా నింపి అత్తగారి చేతికిచ్చి తన పని మీద తను వెళ్ళిపోయేది.

ఆమె పని పుస్తకాల బైండింగు. వీధిలో ఆమెని పేరుతో పిలిచేవాళ్ళు లేరు. పెద్దా చిన్నా అందరికీ బైండింగమ్మే. ఆ విద్యకి ఓనమాలు దిద్దించింది అత్తగారే. ఆవిడ వయసులో ఉన్నప్పుడు ఒక అచ్చాఫీసులో ఫారాలు మడిచేది. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాన్ని సగానికి, మళ్ళీ సగానికి, అంచుకి అంచు తగిలేలా మడిచి, మడతపుల్లతో ఒక్క గీటు గీస్తే ఇక కాగితం చిరగాలే తప్ప మడత చెదిరేది కాదు. పెళ్ళై వచ్చిన కొత్తలో కోడలు ఊసుపోక నేర్పమని అడిగితే, ఆవిడ పాత న్యూస్‌పేపర్లు ముందేసి, “ఊరికే చేతులు ఆడించకు, కాగితం ఎటు వంగుతానంటుందో ముందు చూడు” అని మొదలుపెట్టింది. ఆ తర్వాత కోడలు బజారు చివరి షాపులో చేరింది. కుట్టు, జిగురు, అట్ట, గుడ్డ, పుస్తకం వీపు మీద బంగారు రంగు అక్షరాలు అన్నీ ఒకదాని వెనక ఒకటి పట్టుబడ్డాయి. షాపు యజమాని నోటి దురుసు మనిషి. అయినా ఆమె కుట్టిన పుస్తకాన్ని బల్ల మీద తెరిచిపెట్టి, “చూశారా, దానంతటది మూసుకోదు, బుద్ధిగా పడుకుంటుంది” అని వచ్చినవాళ్ళకల్లా చూపించుకునేవాడు.

అలాంటి చెయ్యి ఓ మధ్యాహ్నం విరిగింది. అట్టల కట్ట గుండెలకి హత్తుకుని షాపు మెట్లు దిగుతుంటే ఆఖరి మెట్టు కనపడలేదు. అట్టలు దక్కాయి గాని కుడి మణికట్టు దక్కలేదు. పిండికట్టు వేశారు, కొన్నాళ్ళకి విప్పారు. ఆసుపత్రి డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పట్టి, “ఎముక చక్కగా అతుక్కుంది, ఇంక మీకేం ఫర్వాలేదు” అన్నాడు. ఎండాకాలమంతా నిజంగానే ఫర్వాలేదు. ఆమె మళ్ళీ సూది పట్టింది, మళ్ళీ జిగురు కలిపింది. మణికట్టు సంగతే మరిచిపోయింది.

కాలం మారింది. మొదటి మబ్బు పట్టిన రోజు పొద్దున్నే ఆమె టీ గ్లాసు అందుకోబోయింది. మణికట్టు లోపల ఎవరో తడిగుడ్డ పిండినట్టు ఓ మెలి. గ్లాసు జారి గట్టు మీద పడి దొర్లింది. ఏదో పట్టు తప్పిందనుకుంది. మధ్యాహ్నానికి వేళ్ళు బిగుసుకున్నాయి. సాయంత్రం వాన కురిసి వెలిసే సరికి నొప్పి మోచేతి దాకా పాకింది. మర్నాడు ఎండ కాసింది. నొప్పి తగ్గింది. ఆ మర్నాడు మళ్ళీ మబ్బు, మళ్ళీ మెలి.

మొగుడితో చెబితే అతను ఆమె చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు. వాపు లేదు, కమిలింది లేదు.

“ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారుగా?”

“లేదన్నారు.”

“మరి?”

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. అతను తిట్టలేదు, విసుక్కోలేదు. మామూలుగానే అడిగాడు. అయినా ఆమెకి ఆ మాట గుచ్చుకుంది. పిండికట్టు ఉన్నన్నాళ్ళూ దారినపోయేవాళ్ళు సైతం “అయ్యో, జాగ్రత్తమ్మా” అన్నారు. ఇప్పుడు అంతకంటే ఎక్కువ నొప్పిగా ఉంటే, చూపించడానికి ఏమీ లేదు. తను దొంగ నాటకం ఆడుతోందేమోనని తనకే అనుమానం వచ్చేది. అందుకని నోరు మూసుకుని పంటి బిగువున పని చేసుకుపోయింది.

పట్టుకున్నది అత్తగారు. ఓ మబ్బు పొద్దున వంటింట్లో కోడలు గ్లాసుని రెండు చేతులా ఎత్తి తాగడం చూసింది.

“వచ్చిందా నీకూ?” అంది.

“ఏంటి అత్తయ్యా?”

“నాకొచ్చిందే. మణికట్టుకా?”

కోడలు తలూపింది. అత్తగారు తన ఒళ్ళో ఉన్న వేడినీళ్ళ సీసా తీసి ఆమె చేతి కింద పెట్టింది. “ముందు దీనికి పెట్టుకో. నా మోకాళ్ళు పాత కాపులు, కాసేపు ఆగుతాయి” అంది. ఇన్నేళ్ళూ ఆ సీసా నింపి ఇచ్చిన కోడలికి, అది చర్మానికి తగిలితే ఎంత హాయిగా ఉంటుందో అప్పుడే తెలిసింది. సీసా మీంచి చెయ్యి తియ్యకుండానే, “టీ చల్లారిపోతోంది” అంది.

తోడు దొరికింది గాని దారి దొరకలేదు. అత్తగారికి తెలిసిన మందు ఒక్కటే, కదలకుండా కూర్చోవడం. కోడలూ అదే పట్టుకుంది. మబ్బు కనపడితే మణికట్టుకి గుడ్డ చుట్టేది, ఆ చేత్తో పుల్ల కూడా ఎత్తేది కాదు. పొద్దున లేస్తూనే కిటికీ, కిటికీ తర్వాత ఫోనులో వాతావరణం, మళ్ళీ కిటికీ. ఫోనులో మేఘం బొమ్మ కనిపిస్తే చాలు, గుండెల్లో రాయి పడేది. బొమ్మ చూసిన కాసేపటికే చెయ్యి లాగడం మొదలయ్యేది. షాపులో కుట్టు పని వదిలేసి గల్లా దగ్గర కూర్చుంది. చిన్నప్పటి స్నేహితురాలు కొండ ప్రాంతంలో ఇల్లు కట్టుకుని రమ్మంటే, అక్కడ ఎప్పుడూ ముసురేనని వెళ్ళలేదు. అలా ఒక్కొక్కటే మానుకుంటూ వచ్చింది. విచిత్రం ఏమిటంటే, చేతికి ఎంత విశ్రాంతి ఇస్తే అది అంత మొండికేసింది. మొదట్లో ముసురు రోజునే బిగుసుకునేది, ఇప్పుడు ఎండలో కూడా బిర్రుగానే ఉంటోంది.

ఇక పెద్ద వానలు మొదలయ్యేలోగా పని మానేద్దామని తీర్మానించుకుంది. యజమానికి చెప్పింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి ఎగదోసి, “మానేసి ఏం చేస్తావమ్మా?” అన్నాడు. “తెలీదు” అంది. “అయితే తెలిసే దాకా ఉండు” అని ఆయన మళ్ళీ కళ్ళజోడు దించుకున్నాడు.

ఈ సంగతి విని ఊరుకోలేకపోయింది అత్తగారు. “నా కాళ్ళు పోతే పోయాయి. నేను నేర్పిన చెయ్యి నా కళ్ళ ముందే మూలపడితే ఎలా?” అని కొడుకుని పోరింది. ఆసుపత్రిలో ఎముకల డాక్టరు పక్క గదిలో కీళ్ళకి వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు ఉంటుందని ఎవరో చెప్పారు. అత్తాకోడళ్ళు ఇద్దరూ బయల్దేరారు. కోడలు చేతికని, అత్తగారు తోడుకని.

ఫిజియోథెరపిస్టు చిన్న వయసు అమ్మాయి. గలగలా మాట్లాడుతుంది గాని ఎదుటివాళ్ళు చెప్పేటప్పుడు మటుకు మధ్యలో అడ్డురాదు. బైండింగమ్మ చెప్పిందంతా విని, మణికట్టు మెల్లగా వంచి చూసింది.

“మబ్బు పడితే నొప్పి ఎక్కువవుతుందని మీలాగే చాలామంది చెబుతారండీ. గాలి ఒత్తిడి తగ్గితే కీలు చుట్టూ కాస్త ఉబ్బుతుందని కొందరంటారు, చలికి బిగుసుకుంటుందని కొందరంటారు. దీని మీద పరిశోధన చేసినవాళ్ళు కూడా అందరూ ఒక్క మాట మీద లేరు. కానీ నొప్పి వచ్చేది మీకు. వస్తోందని మీరు చెబుతుంటే అది అబద్ధం ఎందుకవుతుంది?”

అంతే. బైండింగమ్మకి కళ్ళనీళ్ళు ఆగలేదు. అత్తగారు సంచిలోంచి చేతిరుమాలు తీసి ఇచ్చి, గోడ మీద ఉన్న అస్థిపంజరం బొమ్మ కేసి శ్రద్ధగా చూస్తూ కూర్చుంది.

“ఒకటి అడుగుతాను” అంది ఆ అమ్మాయి. “నొప్పి పెట్టినప్పుడు లోపల ఏదో విరుగుతోంది అనిపిస్తుందా?”

“అనిపిస్తుందమ్మా. అందుకే కదపను.”

“చిక్కంతా అక్కడే ఉంది. మీ ఎముక గట్టిగానే ఉంది. నొప్పి పెరిగిందంటే లోపల పాడవుతోందని అర్థం కాదు. భయపడి కట్టేస్తే బిగుసుకుంటుంది, బిగుసుకుంటే ఇంకా నొప్పి. మబ్బు రోజున చేతిని పూర్తిగా మానిపించొద్దు. ముందు వెచ్చబెట్టండి, తర్వాత కొంచెం కదపండి, కొంచెం పని, కొంచెం విరామం. ఎండ ఉన్న రోజున కూడా సంబరపడి మొత్తం పని మీదేసుకోకండి.”

అత్తగారు బొమ్మ మీంచి చూపు తిప్పింది. “ఏమ్మా, ఇదే మాట మోకాళ్ళకి కూడా పనిచేస్తుందా?”

“ఎందుకు చెయ్యదు బామ్మగారూ? మీరు రోజూ నడుస్తారా?”

“ఓ. మంచం నుంచి వంటింటికి, వంటింటి నుంచి మంచానికి.”

“అది నడక కాదండీ.”

“మరి పాకడమా?”

ఆ అమ్మాయి పగలబడి నవ్వి ఇంకో కుర్చీ లాగింది. తోడుకని వెళ్ళిన మనిషి కూడా చూపించుకునే బయటికొచ్చింది.

ఆ రోజు నుంచి వంటింటికి కొత్త కళ వచ్చింది. పొద్దున్నే బేసినులో గోరువెచ్చటి నీళ్ళు. కోడలు చెయ్యి ముంచి గుప్పిట మూసి తెరుస్తుంటే, అత్తగారు స్టూలు మీద కూర్చుని ఒక్కో కాలూ ముందుకి చాచి దించేది. ఒకరు ఎగ్గొడితే ఇంకొకరు ఊరుకునేవారు కాదు.

“అత్తయ్యా, ఎడమ కాలు తినేశారు.”

“నీ లెక్క నువ్వు చూసుకో. ఆ వేళ్ళు మూస్తున్నావా, నీళ్ళకి గిలిగింతలు పెడుతున్నావా?”

ఈ గోల విని మెకానిక్కు గుమ్మంలో నిలబడి, “నా టిఫిను సంగతి ఏమైనా ఉందా?” అనేవాడు. “చేతులున్నాయిగా, చేసుకో” అని ఇద్దరూ ఒకేసారి అనేవారు. రోజులు గడిచే కొద్దీ అతను చేసుకోవడం మొదలుపెట్టాడు. మొదట్లో మాడ్చాడు, తర్వాత్తర్వాత తినగలిగేలా చేశాడు.

అంతా సాఫీగా జరిగిందని కాదు. ఓ ఎండ రోజున చెయ్యి తేలిగ్గా ఉందని ఆమె పొద్దుగూకే దాకా కుట్టింది. మర్నాడు గాలివాన. రెండూ కలిసి మణికట్టుని పిప్పి చేశాయి. మంచం మీద పడి గోడవైపు తిరిగి, “నా వల్ల కాదు, నన్నొదిలెయ్యండి” అని ఏడ్చింది. మొగుడు ఈసారి ‘మరి?’ అనలేదు. పక్కన కూర్చుని, “డిపోలో పాత బళ్ళు కొన్ని ఉంటాయి. చల్లటి పొద్దున స్టార్టు కావు. అవి నాటకం ఆడుతున్నాయని మేమెప్పుడూ అనుకోలేదు. నిన్ను మాత్రం అడిగాను చూడు” అన్నాడు. ఆమె ఏడుపులోంచే, “అంటే నేను పాత బండినా?” అంది. అతను నాలిక కరుచుకున్నాడు. గది బయట నుంచి అత్తగారు, “వాడికి పొగడటం కూడా రాదే అమ్మాయ్, మా పెంపకం అంతే” అంది.

షాపులో కూడా కొన్ని మార్చుకుంది. యజమాని దగ్గరికి వెళ్ళి, రోజంతా ఒకే పని కాకుండా కాసేపు కుట్టు, కాసేపు అట్ట కోత, కాసేపు గల్లా ఇమ్మని అడిగింది. కుట్టు బల్ల తలుపు దగ్గర ఈదురుగాలికి ఉందని, దాన్ని లోపలి గోడ వైపు జరపమంది. ఆయన కాసేపు గొణిగాడు. “ముసురు రోజున జిగురు ఆరదు, నీ చెయ్యి ఆడదు. రెంటినీ బతిమాలుకోవాల్సింది నేనేగా” అంటూ బల్లకి రెండో వైపు తనే పట్టాడు.

అలా కొంత కుదుటపడుతున్న సమయంలో పెద్ద వానలు వచ్చాయి. ముసురు పట్టి వదల్లేదు. ఆ ముసురులో ఓ పొద్దున షాపు ముందు వ్యాను ఆగింది. దిగినాయన దగ్గర్లోని స్కూలు లైబ్రేరియన్. సన్నటి మనిషి, గొడుగు తన మీద కాకుండా చేతిలో ఉన్న పుస్తకాల పెట్టె మీద పట్టుకున్నాడు. లైబ్రరీ పైకప్పు కారిందట. రెండు బీరువాల పుస్తకాలు ముద్దగా తడిశాయట.

యజమాని పెట్టె మూత తీసి చూసి పెదవి విరిచాడు. “ఈ వానలో ఏం చేస్తాం సార్? ఎండ రానివ్వండి, అప్పుడు తీసుకురండి.”

బైండింగమ్మ లేచి వచ్చింది. పైనున్న పుస్తకం ఎత్తింది. నీళ్ళు పీల్చి ఇటుకంత బరువుంది. అట్ట లోపల ఎవరో పిల్ల పెన్సిలుతో నవ్వే మొహం గీసింది. అది ఇంకా చెరగలేదు.

“ఎండ వచ్చే దాకా ఆగితే వీటికి బూజు పట్టేస్తుంది” అంది.

యజమాని ఆమె మణికట్టు వైపు చూశాడు. దానికి ఆ రోజు ఉన్ని పట్టీ ఉంది. “నీ చెయ్యి ఎలా ఉంది?”

“నొప్పిగానే ఉంది. ముసురు పోయే దాకా ఉంటుంది. అయినా చేద్దాం సార్. కాకపోతే నేను ఆగుదాం అన్నప్పుడు ఆగాలి. ఇంకో మనిషి కూడా కావాలి.”

“ఇప్పటికిప్పుడు ఎవరొస్తారు?”

ఆమె ఇంటికి ఫోను చేసింది. ఆ రోజు మొగుడికి సెలవు, అతనే ఎత్తాడు. సంగతి విని, “అమ్మనా? ఈ వానలోనా? ఆ మెట్లు ఎక్కగలదా?” అన్నాడు. అవతల ఏదో పెనుగులాట వినిపించింది. ఫోను చేతులు మారింది. “నా రెయిన్‌కోటు ఎక్కడ పెట్టావే?” అంది అత్తగారు.

ఆవిడ వానలో ఇల్లు కదిలి ఎన్నేళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు. ఆటో దిగి, కొడుకు భుజం పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా నిలబడి ఊపిరి తీసుకుంటూ ఎక్కింది. పైకి చేరాక షాపంతా కలయజూసి, “మా అచ్చాఫీసు నాటి జిగురు వాసనే, మారలేదు” అంది తృప్తిగా. కుర్చీలో కుదురుకోగానే మొదటి పుస్తకం ముందుకి లాక్కుంది.

ఇక పని నడిచింది. తడి పుస్తకాలని నిలువుగా, ఆకులు విచ్చుకునేలా బల్లల మీద నిలబెట్టారు. ఫ్యాన్లు తక్కువ వేగంతో తిప్పారు. అత్తగారు పేజీల మధ్య తెల్లటి పలచని కాగితాలు పెట్టేది. అవి తడి పీల్చుకోగానే తీసి వేరేవి మార్చేది. తడి పేజీ చిరగకుండా విడదియ్యడానికి ఆవిడ వేళ్ళు ఎప్పుడో నేర్చిన నేర్పు మరిచిపోలేదు. బైండింగమ్మ ఊడిన వీపుల దారాలు కోసి, ఫారాలు విడగొట్టి, దాదాపు ఆరినవాటిని అదిమి ఉంచే ప్రెస్సులో సర్దేది. ప్రెస్సు చక్రం తిప్పడానికి మొగుడు ఉన్నాడు, సెలవు అయ్యాక డిపో నుంచి నేరుగా వచ్చేవాడు. అతనికి కాగితాలు మడిచే పని కూడా అప్పజెప్పారు.

“ఇదేం మడతరా? నట్టు బిగిస్తున్నావా? మళ్ళీ చెయ్యి” అనేది తల్లి. అతను విప్పి మళ్ళీ మడిచేవాడు.

నొప్పి ఎక్కడికీ పోలేదు. వాన ఉధృతమైనప్పుడల్లా మణికట్టు మెలిపెట్టేది. ఆమె అంతలోనే కత్తెర కింద పెట్టి, ఫ్లాస్కులో వేడినీళ్ళు గుడ్డకి పట్టించి చుట్టుకుని, వేళ్ళు మెల్లగా ఆడించి, మళ్ళీ వచ్చేది. అత్తగారు కూడా అప్పుడే లేచి బల్ల చుట్టూ ఓ చుట్టు తిరిగేది. ఓ సాయంత్రం చెయ్యి మరీ మొరాయిస్తే, “ఇవాల్టికి చాలు” అని ఆమె అప్పటికప్పుడు లేచింది. ఇదివరకైతే ఆ మాట అనడానికి సిగ్గుపడి చచ్చేది. మిగిలిన పుస్తకాలకి యజమాని తనే కాగితాలు మార్చాడు.

మధ్యలో ఓ రోజు ఆమెకి ఇంకో సంగతి తట్టింది. ఆ వేళ పొద్దున ఫోనులో మేఘం బొమ్మ చూసుకోలేదు. చూడాలన్న ధ్యాసే రాలేదు. చెయ్యి నొప్పిగా ఉందా అంటే ఉంది. కానీ నొప్పి వచ్చాక నొప్పి, అంతే. రాకముందు నుంచే పడే భయం మాత్రం ఆ వేళ లేదు. ఆ మాట అత్తగారికి చెబితే, “నాకూ అంతే, కూర్చుంటే మోకాళ్ళు గుర్తొస్తాయి, పనిలో పడితే మీ ఆయన వంకర మడతలే గుర్తుంటాయి” అంది.

వాన ఇంకా పూర్తిగా తెరిపివ్వకముందే పుస్తకాలు ఆరాయి. అన్నీ దక్కాయని చెప్పలేం. నున్నటి కాగితం ఉన్న బొమ్మల పుస్తకాలు కొన్ని అతుక్కుపోయి రాయిలా తయారయ్యాయి. వాటిని పక్కన పెట్టారు. మిగిలినవి కాస్త వంకీలు తిరిగినా, చదువుకోవడానికి లోటు లేకుండా నిలబడ్డాయి. లైబ్రేరియన్ వచ్చి బల్లల మధ్య నడుస్తూ, ఒక్కో పుస్తకం వీపు వేలితో నిమురుతూ వెళ్ళాడు. ఆ చివరికి వెళ్ళాక వెనక్కి తిరిగి, “పిల్లలు రోజూ అడుగుతున్నారమ్మా” అన్నాడు.

“ఇంకా కుట్టాలి సార్” అంది బైండింగమ్మ. “ఒక్కసారిగా ఇవ్వలేను. కొన్ని కొన్ని చేసి పంపిస్తుంటాను.”

“ఎప్పుడైనా ఫర్వాలేదమ్మా.”

యజమాని ఆయన్ని సాగనంపి వచ్చాడు. అత్తగారు రెయిన్‌కోటు గుండీలు పెట్టుకుంటూ ఆయన్ని ఆపింది.

“చూడు నాయనా, ఈ కుర్చీకి చేతుల్లేవు. లేవాలంటే పట్టు దొరకడం లేదు. రేపటికి చేతుల కుర్చీ వేయించు.”

“రేపటికా?” అన్నాడు ఆయన తెల్లబోయి. “పని అయిపోయిందిగా అమ్మా?”

“ఎక్కడ అయింది? కుట్టేది మా కోడలు. కుట్టే ముందు ఫారాలు వరస చూసి మడతలు సరిచెయ్యాలా వద్దా? నువ్వు చేస్తావా?”

ఆయన బైండింగమ్మ వైపు చూశాడు. ఆమె నవ్వు ఆపుకుంటూ తల వంచేసుకుంది. దారానికి మైనం రాసి, సూదిలోకి ఎక్కించి, మొదటి ఫారం దగ్గరికి లాక్కుంది. బయట చినుకులు పడుతూనే ఉన్నాయి.